చుక్కి తడవలేదు

ఆ ఏటి వైశాఖం మాట ఎవరైనా ఎత్తితే నేను లేచి వంటింట్లోకి పోతాను. మా ఆయన హనుమంతరాయుడు బతికున్నన్నాళ్ళూ ఇంటికొచ్చిన చుట్టాలందరికీ ఆ కథ చెప్పేవాడు. పందొమ్మిదేళ్ళ పిల్ల ఒంటరిగా ఇంట్లో ఉండి, అంత గాలివానలోనూ అమ్మవారి చీర మీద చినుకు పడకుండా కాపాడిందని. చుట్టాలు నావైపు తిరిగి "అబ్బ, ఏం ధైర్యమమ్మా నీది!" అనేవాళ్ళు. ధైర్యం, నా మొహం! ఆయన చెప్పిందంతా నిజమే, కానీ అది సగమే. తక్కిన సగం ఆయనకు కూడా నేను చెప్పలేదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. పడితే పడనీ, ఇప్పుడు చెప్పుకోకపోతే ఇంకెప్పుడు చెప్పుకుంటాను?

అది యాభై ఎనిమిదో సంవత్సరం. ధర్మవరంలో నేతగాళ్ళ వీధిలో మా ఇల్లు. చౌడేశ్వరమ్మ జ్యోతి పండక్కి అమ్మవారికి కట్టే పట్టుచీరను వీధిలో ఏడాదికొక ఇంటివాళ్ళు నేసేవాళ్ళు. ఆ ఏడు వంతు మాకొచ్చింది. ఉగాది వెళ్ళిన మూడోనాడు మగ్గం మీదికి పడుగు పోగులు ఎక్కించారు. అప్పటినుంచీ ఇంట్లో మడే మడి. మా ఆయన తెల్లారుజామున తలస్నానం చేసి తడిబట్టతో మగ్గం గుంటలో దిగేవాడు, ఒంటిపూట తినేవాడు. మగ్గం ముందు దీపం రేయింబవళ్ళు వెలగాలి. మగ్గం మీదనుంచి చీర కోసేదాకా పరాయివాళ్ళు గడప తొక్కకూడదు. ఈ చివరి మాట మాత్రం మా అత్త నల్లమ్మ పెట్టింది.

"ఏమ్మే కమలా, ఇను. పరాయి నీడ పడిందంటే పడుగంతా కోసి వంకలో పారేస్తా. నిన్ను మీ అగళి బస్సు ఎక్కిస్తా" అనేది రోజుకు రెండుసార్లు. ఆమె కోపానికి దారీతెన్నూ ఉండేది కాదు. పాలు విరిగినా నేనే, రాట్నం తిరగకపోయినా నేనే. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు అంతా నామీదే పడేది. పెళ్ళయి ఏడాది. కడుపు పండలేదు. నా పుట్టిల్లు అగళి కన్నడ సరిహద్దు ఊరు, నా తెలుగులో కన్నడం కలుస్తుందని అందరూ ఎగతాళి చేసేవాళ్ళు. ఆమె మెప్పు పొందడం ఒక్కటే అప్పట్లో నాకు తెలిసిన మోక్షం.

ఇంట్లో నాకు మాట్లాడే దిక్కు మూడు జీవాలే. ఎలుకలు పట్టు కొరక్కుండా పెంచుకున్న పిల్లి మగ్గం పక్కనే పడుకునేది. టైగరు అని కుక్క. ఇంకొకటి చుక్కి. చుక్కి నా సొంతం. నుదుట తెల్లచుక్క ఉన్న ఎర్ర మేక, మా నాయన అగళి నుంచి పసుపు కుంకాలతో పాటు తోలించాడు. మడి ఇంట్లో వీటి సంగతేమిటని నేను మొదట్లో అడిగితే, "నోరులేని జీవాలకు మైల ఉండదులే" అని మా అత్తే తీర్పు చెప్పింది.

నోరున్నవాళ్ళలో నాతో మంచిగా మాట్లాడింది ఎల్లమ్మ. ఊరి వాగును వంక అనేవాళ్ళం, దానవతల ఊరికి ఎడంగా ఉన్న పేటలో ఉండేది. ఆమె మొగుడు ఏసురత్నం రైలు పట్టాల మీద గ్యాంగు కూలీ. మా వీధి మేకలన్నిటినీ పొద్దున తోలుకుపోయి కొండ దిక్కు మేపుకొచ్చి, సాయంత్రం ఎవరి గుమ్మంలో వాళ్ళవి వదిలేది. ఆమె సొంతానికి రెండు మేకలు. రోజూ మా అరుగు కింద నిలబడి కేకేసేది.

"కమలాక్షమ్మా! మీ అగళి మేకకు తెలుగు నేర్పియ్యరాదా? నేను రా రా అని గొంతు చించుకుంటే నా మొగం చూస్తాది. బా అంటేనే కదులుతాది."

"నీకు కన్నడం నేర్పిస్తాలే ఎల్లమ్మా" అనేదాన్ని.

"ఈ వయసులో నాకేల తల్లీ! సరే, చుక్కీ, బా, బా!"

చుక్కి చెంగున ఎగిరి ఆమె వెంట పోయేది. సాయంత్రం వచ్చేటప్పుడు ఆకులో బలుసుపళ్ళో బిక్కిపళ్ళో తెచ్చి అరుగు అంచున పెట్టేది. మా అత్త చూడనప్పుడు తీసుకుని తినేదాన్ని. మడి మొదలయ్యాక మా అత్త ఆమెను అరుగు దగ్గరికి కూడా రావద్దంది. కాలవ అవతల నిలబడి పిలవమంది. "అట్లనేమ్మా, అమ్మోరి పని కదా" అని ఎల్లమ్మ ఆ రోజునుంచీ అక్కడే నిలబడింది. పళ్ళు మాత్రం టైగరు ముందు పెట్టి పోయేది. కుక్క పళ్ళు తినదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

చీర ముప్పాతిక వంతు అయింది. అప్పుడు పెనుకొండ నుంచి కబురొచ్చింది. మా ఆడబిడ్డ పుష్పావతి కొడుక్కు పుట్టువెంట్రుకలు తీస్తారట. మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టకుండా ఆ పని కాదు. కాబట్టి మా ఆయన పోవాలి. కూతురి ఇంట్లో శుభకార్యమని మా అత్త పోవాలి. దీపం ఆరకుండా చూడ్డానికి నేనుండాలి.

"సాయంత్రం బండికి వచ్చేస్తాం. నువ్వు మగ్గం తాకొద్దు, దీపంలో నూనె పోస్తే చాలు" అన్నాడు మా ఆయన.

"తలుపు గడియ తియ్యొద్దు. ఎవరొచ్చి పిలిచినా పలకొద్దు" అంది మా అత్త.

పొద్దున్నే బెంగళూరు బండికి పోయారు. ఎల్లమ్మ వచ్చి చుక్కిని తోలుకుపోయింది. నేను గడియ పెట్టుకున్నాను.

మధ్యాహ్నానికి ఇంట్లో ఉండలేనంత ఉక్క. ఆకు కదల్లేదు. పిల్లి తన మూడు పిల్లల్నీ ఒక్కొక్కదాన్నే నోట కరుచుకుని అటక మీదికి చేర్చింది. టైగరు వెనక తలుపులోంచి వచ్చి నా కాళ్ళ మధ్య దూరి కుయ్ మంటూ ఉంది. "ఏమైందిరా నీకు?" అన్నాను. అంతలో పడమట దిక్కు ఎర్రగా లేచింది. దుమ్ము! గాలి ఈలలు వేస్తూ వచ్చి తలుపుల మీద పడింది. నట్టింట చీకటైపోయింది. నేను దీపానికి చేట అడ్డం పెట్టాను.

ధన్ ధన్ మని వీధి తలుపు మీద గుద్దులు. టైగరు మొరిగింది. మనిషి కాదని నాకు తెలిసిపోయింది, ఆ కొమ్ముల చప్పుడు నేను ఎరిగిందే. గడియ తీసీ తియ్యకముందే చుక్కి లోపలికి దూకింది. ఒళ్ళంతా ఎర్ర దుమ్ము. గుంపులోంచి తప్పించుకుని ఒక్క పరుగున వచ్చేసినట్టుంది. దాన్ని కావిలించుకుని నేను ఏడ్చినంత పని చేశాను. "వచ్చినావా నా తల్లీ" అని మళ్ళీ గడియ పెట్టాను. ఇంకా వాన మొదలు కాలేదు.

మొదలయ్యాక అది వానలాగా లేదు. మిద్దె మీద ఎవరో బండిలోంచి రాళ్ళు దించుతున్నట్టు ఒకటే మోత. వడగండ్లు! మాది మట్టి మిద్దె. ఏటా తొలకరి ముందు కప్పు మీద చౌడుమన్ను పోసి తొక్కేవాళ్ళు, ఆ ఏడు మడిలో పడి ఇంకా పోయలేదు. పైగా మగ్గానికి వెలుతురు కోసం మిద్దెకు పెట్టిన గవాక్షి నోరు తెరుచుకునే ఉంది. సరిగ్గా పడుగు మీదికి! కోడిగుడ్డంత వడగల్లు ఒకటి దాంట్లోంచి పడి గుంట అంచున పగిలింది.

వెనక వాకిట్లో నిచ్చెన ఎక్కాను. తలమీద గోనె కప్పుకున్నా వీపంతా వాచిపోయింది. మిద్దె మీద పాకుతూ పోయి గవాక్షి మీదికి మూతబండ లాగాను. మెరుపు మెరిసినప్పుడల్లా "అర్జునా, ఫల్గుణా, పార్థా, కిరీటీ" అని అరిచాను. ఒక పిడుగు వంక దిక్కున పడింది. ఆ వెలుగులో వంక గట్టు, తుమ్మచెట్లు, అన్నీ తెల్లగా కనిపించాయి. దిగేటప్పుడు నిచ్చెన సగంలో కాలు జారి పడ్డాను. లేచి లోపలికి ఉరికాను.

లోపల మూడు చోట్ల కారుతోంది. తపేలాలు పెట్టాను. మగ్గం మీద గోనె కప్పితే మడి చెడుతుంది. ఏం కప్పను? పెట్టె తెరిచి నా పెళ్ళిపట్టుచీర తీసి పడుగు మీద పరిచాను. మట్టినీళ్ళు దాని మీద కారి ఎర్రగా చారలు కట్టాయి. వీధి కాలవ పొంగి గడప కిందనుంచి నీళ్ళు లోపలికొచ్చి గుంటలో దిగుతున్నాయి. గడపకు గోనెలు తొక్కిపెట్టి, గుంటలో దిగి చెంబుతో తోడి వెనక వాకిట్లోకి పోశాను. టైగరు నా వెంటే తిరుగుతోంది. చుక్కి మూలన నిలబడి ఉరిమినప్పుడల్లా అరుస్తోంది. "ఊరుకో, ఊరుకో, గుడుగు అంతే, ఏం చెయ్యదు" అని మా అమ్మ నాకు చెప్పినట్టు కన్నడం కలిపి దానికి చెప్పాను. నిజం చెప్పాలంటే నాకే చెప్పుకున్నాను.

అప్పుడు మళ్ళీ తలుపు చప్పుడైంది. ఈసారి చేత్తో.

"కమలాక్షమ్మా! తల్లీ! నేను, ఎల్లమ్మను. చుక్కి వచ్చిందా?"

నేను గుంటలోంచి లేచాను. వచ్చిందని చెప్పబోయాను, దేవుడి సాక్షిగా నోటి దాకా వచ్చింది. అంతలో ఆమె అంది:

"అందరియీ చేరినాయి తల్లీ. మీదొక్కటే గాలి లేస్తానే గుంపులోంచి పారిపాయె. తలుపు తియ్, వడగండ్లు తల పగలగొడతాండాయి. రవ్వంతసేపు వాకిట్లో, గడప లోపల నిలబడనీ. మగ్గం కాడికి రాన్లే."

నా నోరు మూతపడింది. పలికితే తలుపు తియ్యాలి. తియ్యనని ఆమె మొహాన ఎట్లా చెప్పను? తీస్తే మా అత్తకేం చెప్పను? పలక్కపోతే ఇంట్లో లేననుకుంటుంది, పోతుంది. ఇంతే నేను ఆలోచించింది. ఇంత చిన్న బుర్ర నాది.

టైగరు తోక ఊపుకుంటూ తలుపు దగ్గరికి ఉరికింది. అది ఆమెను ఎరుగును. మొరగబోయింది. నేను ఒక్క అంగలో పోయి దాన్ని మోకాళ్ళ మధ్య ఇరికించి మూతి గట్టిగా పట్టుకున్నాను. చుక్కి మెడ ఎత్తి అరవబోతే ఇంకో చేత్తో లాక్కుని పైట చెంగు దాని నోట్లో కుక్కాను. అట్లా ఆ రెండిటినీ పట్టుకుని తలుపు వెనక నేల మీద కూర్చున్నాను. మధ్యలో రెండంగుళాల చెక్క. ఆమె ఊపిరి నాకు వినిపిస్తోంది.

"లోపల ఉండావా తల్లీ?"

వడగండ్లు ఆమె మీద పడుతున్న చప్పుడు వేరుగా వినిపించింది. అరుగు మీద పడితే టకటకమంటాయి. మనిషి మీద పడితే అట్లా వినపడవు. "అబ్బా, నాయనా" అంది ఒకసారి.

కాసేపటికి తనలో తాను అన్నట్టు, "పుట్టింటి మేక. ఆ బిడ్డ ఎట్ల ఓర్చుకుంటాది" అంది. తర్వాత అరుగు దిగిన చప్పుడు. తర్వాత వీధిలో, దూరంగా, ఆ గాలిలో:

"చుక్కీ! బా, బా! చుక్కీ!"

చుక్కి నా చేతుల్లో గింజుకుంది. కాళ్ళతో తన్నింది. నేను వదల్లేదు. పిలుపు వంక దిక్కు పోయింది. ఒక్క మాట, గడియ కూడా తియ్యక్కర్లేదు, "వచ్చిందిలే ఎల్లమ్మా" అని లోపలినుంచే ఒక్క కేక వేసి ఉంటే చాలు. ఆమె తిన్నగా తన ఇంటికి పోయేది. ఆ సంగతి నాకు ఆమె పిలుపు వినపడకుండా పోయాక తట్టింది. అప్పుడు గడియ తీశాను. వీధంతా వడగండ్లతో తెల్లగా ఉంది. ఎవరూ లేరు. "ఎల్లమ్మా!" అని పిలిచాను. నా గొంతు నాకే సిగ్గుగా వినిపించింది. వానలో బయటికి పోయి వెతకలేదు. దీపం ఆరుతుందేమోనని తలుపు వేసేసుకున్నాను.

రాత్రంతా గుంట తోడుతూనే ఉన్నాను. వానకు పెనుకొండ బండి ఆగిపోయినట్టుంది, వాళ్ళు రాలేదు. దీపం మాత్రం ఆరలేదు.

తెల్లారింది. పూర్తిగా వెలుతురు రాకముందే కాలవ అవతలినుంచి గొంతు వినిపించింది.

"తల్లీ."

తలుపు తీశాను. ఎల్లమ్మ. తలకు చిరిగిన గుడ్డ చుట్టుకుంది, దాని మీద రక్తం ఎండి నల్లగా ఉంది. చీరంతా బురద. కంటి కింద వాచిపోయింది.

"నీ మొగం ఎట్ల చూసేదో తెలీక రాత్రంతా మేలుకుంటి తల్లీ. చుక్కి దొరకలే. కొండ దాకా పోయొచ్చినా. ప్రతి పొదా దేవులాడినా. నావి రెండూ వంక గట్టున తుమ్మచెట్టుకు కట్టేసి వచ్చింటి. వంక వచ్చి తీసుకపాయె. అవి ఉన్నింటే ఒకటి తోలుకొచ్చి మీ గుమ్మంలో కట్టేసుందును. నా చేతిలో ఇంకేం లేదు."

అంతలో మా వెనక వాకిట్లో చుక్కి అరిచింది.

ఎల్లమ్మ మొహం ఎంత వెలిగిందో! అట్లాంటి వెలుగు చూడ్డానికి నాకేం అర్హత ఉంది? "వచ్చిందా? వచ్చిందా తల్లీ!" అని కాలవ దాటేసి, మడి గుర్తొచ్చి మళ్ళీ వెనక్కి పోయింది. నేను చుక్కిని కాలవ దాటించి తోలుకొచ్చాను.

"తెల్లారుజామున వచ్చింది" అన్నాను. అబద్ధం అంత సులువుగా నోటికొస్తుందని నాకు అంతకుముందు తెలియదు.

ఎల్లమ్మ ఒంగి చుక్కి వీపు నిమిరింది. మెడ కింద నిమిరింది. అక్కడ చెయ్యి ఆగింది. అరచెయ్యి తిప్పి చూసుకుంది. చెయ్యి నిండా ఎర్ర దుమ్ము. రాత్రంతా వానలో తిరిగిన మేక ఒంటిమీద ఆ దుమ్ము ఎక్కడుంటుంది? ఆమె ముప్పయ్యేళ్ళుగా మేకలు కాస్తోంది. తల ఎత్తి నావైపు చూసింది. నేను టైగరు వైపు చూశాను.

"మంచిదాయె తల్లీ. తడవలే" అంది. చెయ్యి చీరకు తుడుచుకుని వెళ్ళిపోయింది. ఆ రోజు మా మేకను మేతకు తోలుకుపోలేదు.

పదిగంటల బండికి మావాళ్ళొచ్చారు. మా అత్త వీధి మొగనుంచే ఏడుస్తూ వచ్చింది, చీర పోయిందనే అనుకుంది. లోపలికొచ్చి దీపం చూసి, మగ్గం మీద మట్టి చారలతో నా పెళ్ళిచీర చూసి, దాన్ని ఎత్తి కింద మెరుస్తున్న అమ్మవారి చీర చూసి, జన్మలో మొదటిసారి నన్ను కావిలించుకుంది. "నా కోడలు కాదే, నా తల్లివే నువ్వు" అంది. ఏడాదిగా నేను కోరుకున్నది అదే కదా. ఆ చేతుల్లో నాకు ఊపిరాడలేదు.

మధ్యాహ్నం పోతులయ్య తాత వచ్చాడు. వీధిలో అమ్మవారి చీర నేత నియమాలు బాగా తెలిసిన పెద్దాయన. చీర చూసి తల ఊపాడు. నేను నీళ్ళిస్తూ అడిగాను.

"తాతా, పరాయివాళ్ళు ఎవరన్నా వాకిట్లోకి వస్తే మడి చెడేదేనా?"

"మడి పడుగుకమ్మా. తాకగూడదు, అంతే. వాకిలికేం మడి? వానలో ఎవరన్నా వచ్చి నిలబడితే అమ్మోరు వద్దంటాదా?"

"అట్ల చెప్తే వీధిలో వాళ్ళంతా వచ్చి కూచుంటారని నేనే కొంచెం బిగించినాలే మామా" అంది మా అత్త నవ్వుతూ. అందరూ నవ్వారు. నేను వంటింట్లోకి పోయాను. అప్పటినుంచే ఆ అలవాటు.

మర్నాటి నుంచి ఎల్లమ్మ మళ్ళీ వచ్చింది. కాలవ అవతలే నిలబడి మేకను పిలిచేది. చుక్కీ, బా, అంతే. నా పేరు పిలవలేదు. తెలుగు నేర్పమని ఎగతాళి చెయ్యలేదు. టైగరు ముందు ఆకూ లేదు, పళ్ళూ లేవు.

జ్యోతి రోజు చీర అమ్మవారికి కట్టారు. పూజారి గంప నిండా పసుపు కుంకాలు నా చేతిలో పెట్టి, వానలో చీర కాపాడిన పిల్ల అని పదిమందిలో చెప్పాడు. ముసలమ్మలు నా గడ్డం పట్టుకుని ముద్దులు పెట్టుకున్నారు. జ్యోతి ఊరేగింపు మా వీధి దాటేటప్పుడు, గుంపుకు దూరంగా, గోడ వారన తలగుడ్డ చుట్టుకుని ఎల్లమ్మ నిలబడి దణ్ణం పెట్టుకుంటోంది. ఆమె దణ్ణం ఆమె అమ్మవారికి పెట్టుకుంది. నాకు మాత్రం నన్నే చూస్తున్నట్టు అనిపించి తల దించుకున్నాను.

మరుసటి రోజు చుక్కి మెడకు తాడు కట్టాను.

"యాడికే?" అంది మా అత్త.

"చుక్కిని ఎల్లమ్మకు ఇచ్చేసొస్తా."

"పుట్టింటి మేకను ఏల ఇచ్చేది?"

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చి ఆగిపోయింది. "మొక్కుకున్నా అత్తా, చీర తడవకపోతే మేకను దానం చేస్తానని" అన్నాను. ఇంకో అబద్ధం! మొక్కు అనేసరికి మా అత్త కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. మా ఆయన "పోయి రా పో" అన్నాడు గర్వంగా. నేను దొంగతనం ఒప్పుకోవడానికి పోతుంటే వాళ్ళు నాకు హారతి పట్టారు.

ఎండ మండిపోతోంది. వంకలో అప్పటికే ఇసక తేలింది. తుమ్మచెట్టు మొదట్లో తెగిన తాళ్ళు రెండు బురదలో ఎండి ఉన్నాయి. పేటలోకి నేను పోవడం అదే మొదలు. ఎల్లమ్మ గుడిసె ముందు చింతగింజలు కొట్టుకుంటోంది. నన్ను చూసి లేచింది.

"ఏం తల్లీ, ఇంత ఎండలో?"

"చుక్కిని నీకు ఇచ్చేస్తాను ఎల్లమ్మా."

"నాకేల?"

"ఆ పొద్దు..." అన్నాను. తాడు వేలికి చుట్టుకున్నాను. ఆమె సాయం చెయ్యలేదు. "ఆ పొద్దు నేను లోపలే ఉంటిని. పలకలేదు."

"తెలుసు."

"మేక దుమ్ము చూసి తెలుసుకున్నావు కదా."

"నువ్వు ఉండావని అప్పుడే తెలుసు తల్లీ. బయట తాళం లేదు కదా. కుక్క కుయ్ కుయ్ మంటాండె." ఆమె చింతగింజల చేట పక్కకు పెట్టింది. "తలుపు తియ్యలేదని నేనేం అనుకోలే. మాకు తలుపులు తియ్యరు, అది మాకు అలవాటే. అమ్మోరి మడి, మీ అత్త భయం, సిన్నబిడ్డవి, అనుకుంటి. అయితే మేక లోపల ఉండాదని నాకు తెలీదు. అది చెప్పలేదే నువ్వు? నన్ను రావద్దంటే రాకుందును కదా. చుక్కి వచ్చిందిలే, నువ్వు పో ఎల్లమ్మా, అంటే పోదును కదా. నా మేకలు చెట్టుకు ఉండాయి."

నాకు ఏడుపొచ్చింది. ఆమెకు రాలేదు. "మర్నాడు పొద్దున్నే అడగలేదేం?" అన్నాను.

"అడిగితే నువ్వు ఇంకో అబద్ధం చెప్పాల. నేను నమ్మినట్టు తలూపాల. మళ్ళ మీ వీధికి రోజూ రావాల గదా తల్లీ, నా కూడు ఆడ ఉండాది."

నేను తాడు ఆమె చేతికిచ్చాను. తీసుకోదేమో అనుకున్నాను. తీసుకుంది. "ఇదొకటే ఉంటే బెంగ పెట్టుకుంటాది, ఇంకొకటి ఎట్లో చూస్తాం" అంది, మేక గురించి మాట్లాడినట్టే. తర్వాత నా మొహం వైపు చూసి, కొంచెం మెత్తబడింది. నుదుటి మీద దెబ్బ మాని పచ్చగా మచ్చ పడింది.

"మొగం కమిలిపోయింది. ఎండలో ఎంతసేపు నిలబడతావు? లోపలికి రా, ఇంత మజ్జిగ తాగి పోదువు" అని గుమ్మంలోంచి పక్కకు జరిగింది.

చుక్కి తల వంచి లోపలికి పోయింది. గుడిసెలో చల్లగా, చీకటిగా ఉంది. కుండ మూత మీద ముంత బోర్లించి ఉంది. నేను గడప దాకా పోయాను. నా కాళ్ళు ఆగిపోయాయి.

"ఇంట్లో పనుంది ఎల్లమ్మా" అన్నాను.

"సరే తల్లీ" అంది ఆమె. అంతే అంది.

వంక దాటేదాకా వెనక్కి తిరిగి చూడలేదు. ఆ పూట ఇంట్లో నాకు ఏ పనీ లేదు. చీర కోసేశారు, మగ్గం ఖాళీగా ఉంది. మడి అయిపోయింది. మా అత్త వంక ఇవతల, ఇంట్లో పడుకుని ఉంది. గుడిసె గడప దగ్గర నన్ను ఆపినవాళ్ళు ఎవరూ లేరు.